ఊపిరి ఎంత పీల్చాలి? – ఊపిరితిత్తుల ధమని స్కాన్ గురించి కొన్ని మాటలు

(విశ్రాంత ఉద్యోగుల సంఘం ఆరోగ్య సదస్సులో ఒక విశ్రాంత రేడియోగ్రాఫర్ చేసిన ప్రసంగ పాఠం)



"బి.పి., షుగరు, మోకాళ్ళ నొప్పుల గురించి ప్రతి ఏటా వింటూనే ఉన్నాం. ఈసారి మీ గదిలో జరిగే సంగతేదైనా చెప్పండి" అని కార్యదర్శి గారు ఆదేశించారు. నా గది అంటే, ఎక్స్‌రే డార్క్ రూములో మొదలై సి.టి. స్కాన్ గదిలో ముగిసిన ఉద్యోగం నాది. నేను డాక్టరును కానని ముందే మనవి చేస్తున్నాను. జబ్బును నిర్ణయించేది డాక్టరు గారు. ఆయన చూడదగిన బొమ్మను తీసి ఇవ్వడం రేడియోగ్రాఫర్ల పని. అయితే ఆ బొమ్మ బాగా రావడంలో సగం పని బల్ల మీద పడుకున్న మనిషిది. ఆ సగాన్ని గురించే ఈ పూట మాట్లాడతాను.

నేను ఎంచుకున్నది సి.టి. పల్మనరీ యాంజియోగ్రామ్ అనే పరీక్ష. ఊపిరితిత్తులకు రక్తం తీసుకుపోయే ధమనిలో గడ్డ అడ్డుపడిందా లేదా అని చూసే స్కాన్ ఇది. గడ్డ సాధారణంగా పుట్టేది కాలి పిక్కలోనో, తొడలోనో, లోపలి సిరల్లో. అక్కడినుంచి తెగి, రక్తంతోపాటు పైకి ప్రయాణం చేసి, గుండె కుడి భాగం దాటి ఊపిరితిత్తుల ధమనిలో ఇరుక్కుంటుంది. దీన్నే పల్మనరీ ఎంబోలిజం అంటారు.

ఇది మన సంఘం సభలో చెప్పవలసిన విషయమేనా అంటే, మనకే ఎక్కువగా కావలసిన విషయం. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయినవారు, మోకీలు మార్పిడి చేయించుకున్నవారు, కాన్సరుకు వైద్యం పొందుతున్నవారు, జబ్బుపడి వారాల తరబడి మంచాన ఉన్నవారు మనలోనే ఎక్కువ. అమెరికాలో పిల్లల దగ్గరికి విమానంలో పోయి వచ్చేదీ మనమే. నాలుగు గంటలకు మించిన ప్రయాణంలో కదలకుండా కూర్చుంటే సిరల్లో గడ్డకట్టే అవకాశం సుమారు రెండింతలవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించింది. అసలు ప్రమాదం తక్కువే కాబట్టి ప్రయాణాలు మానుకోనక్కరలేదు, మధ్య మధ్య లేచి నాలుగడుగులు వేస్తే చాలు.

ఒక కాలే వాచి నొప్పి పెట్టడం, ఉన్నట్టుండి ఆయాసం రావడం, ఊపిరి పీల్చినప్పుడల్లా ఛాతీలో పొడిచినట్టుండడం, కళ్ళు తిరిగి పడిపోవడం, దగ్గులో రక్తం – ఇవి లక్షణాలు. మనవాళ్ళు చాలామంది గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకుంటారు. అలా పడుకుని మళ్ళీ లేవనివారూ ఉన్నారు. కనిపెడితే రక్తం గడ్డకట్టకుండా చేసే మందులున్నాయి, చాలామంది కోలుకుంటారు. లేని గడ్డను ఉందనుకోవడం కూడా ప్రమాదమే. ఆ మందులు నెలల తరబడి వాడాలి. వాటివల్ల మన వయసువారికి కడుపులోనో, తలలోనో రక్తస్రావం అయ్యే భయం ఉంటుంది. కాబట్టి స్కాన్ ఉన్నది ఉన్నట్టు, లేనిది లేనట్టు చూపించాలి.

స్కానుకు ముందు తరచుగా డి-డైమర్ అనే రక్తపరీక్ష చేస్తారు. గడ్డ ఉండే అవకాశం తక్కువ అనుకున్నవారిలో ఇది మామూలుగా ఉంటే స్కాన్ అవసరమే రాదు. వయసు మీరిన కొద్దీ ఈ అంకె దానంతట అదే పెరుగుతుంది. అందుకని 50 దాటినవారికి వయసును పదితో హెచ్చవేసి హద్దు పెట్టుకోవచ్చునని 2014లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం చూపింది. అంటే 75 ఏళ్ళ వారికి హద్దు 500 బదులు 750. మీ అంకె 600 ఉందని ఇంట్లో పిల్లలు కంగారుపడితే, ఈ సంగతి డాక్టరు గారిని అడగమనండి. ల్యాబును బట్టి కొలత యూనిట్లు మారతాయి కాబట్టి మనంతట మనం లెక్కలు వేసుకోవద్దు.

ఇక అసలు స్కాన్. మోచేతి దగ్గర సిరలో సూది పెడతారు. పచ్చ రంగు మూతదో, గులాబీ రంగుదో. అయోడిన్ కలిసిన మందును, మా భాషలో కాంట్రాస్టును, యంత్రం సెకండుకు 4, 5 మిల్లీలీటర్ల వేగంతో లోపలికి తోస్తుంది. అందుకే సూది కాస్త లావుగా ఉండాలి. మందు చేతి సిరలోంచి పై మహాసిరకు, అక్కడినుంచి గుండె కుడి గదులకు, అక్కడినుంచి ఊపిరితిత్తుల ధమనికి చేరుతుంది. గుండె బాగున్నవారిలో ఇదంతా పది సెకండ్ల ముచ్చట, గుండె బలహీనంగా ఉన్నవారిలో ఇంకొంచెం ఆలస్యం. మందు ధమనిని చేరగానే యంత్రం కనిపెట్టి బొమ్మ తీస్తుంది. మందు ఉన్నచోట రక్తనాళం తెల్లగా వెలుగుతుంది, గడ్డ ఉన్నచోట నల్లగా మచ్చ పడుతుంది. పాలలో పడ్డ చీమ కంటికి ఆనుతుంది, డికాక్షన్లో పడ్డ చీమ ఆనదు. రక్తనాళం పాలలా ఉండాలి. దీన్ని హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లలో కొలుస్తారు. గాలికి మైనస్ 1000, నీటికి సున్న, మందు కలవని రక్తానికి సుమారు 40. ధమనిలో 250, అంతకు పైన ఉంటే బొమ్మ నిక్షేపంగా ఉందంటారు. 150 దగ్గర ఆగిపోతే చిన్న కొమ్మల్లో ఉన్న గడ్డ పట్టుబడకుండా పోవచ్చు.

ఇక్కడ ఊపిరి సంగతి వస్తుంది. నీటిపారుదల శాఖ మిత్రులు సభలో చాలామంది ఉన్నారు కాబట్టి వారి భాషలో చెబుతాను. రెండు కాలువలు ఒక చెరువులో కలుస్తున్నాయి. పై కాలువలో మనం రంగు కలిపాం. కింది కాలువలో మామూలు నీళ్ళు. చెరువు తూము దగ్గర నిలబడి రంగు చిక్కదనం చూడాలి. సరిగ్గా రంగు తూమును చేరే వేళకు ఎవరో కింది కాలువ షట్టర్లు బారుగా ఎత్తేశారనుకోండి. రంగు వెలిసిపోతుంది. రంగు తక్కువ కలపలేదు, పోసింది వేళకే పోశాం. అయినా తూము దగ్గర నీళ్ళు పల్చబడ్డాయి.

మన ఒంట్లో పై కాలువ అంటే తల, చేతుల నుంచి వచ్చే పై మహాసిర. కింది కాలువ అంటే పొట్ట, కాళ్ళ నుంచి వచ్చే కింది మహాసిర. గుండెకు తిరిగివచ్చే రక్తంలో సుమారు మూడింట రెండు వంతులు కిందినుంచే వస్తుంది. మనం గట్టిగా, గుండె నిండా ఊపిరి పీలిస్తే డయాఫ్రం అనే కండరపు పొర కిందికి దిగుతుంది. ఛాతీలో ఒత్తిడి తగ్గుతుంది, పొట్టలో పెరుగుతుంది. పొట్టలోని రక్తం, మందు కలవనిది, ఒక్కసారిగా గుండెలోకి ఎగబాకుతుంది. అదే షట్టర్లు ఎత్తడం. కొన్ని సెకండ్లపాటు ధమనిలో మందు పల్చబడుతుంది. ఆ కొన్ని సెకండ్లలోనే మన బొమ్మ అయిపోతుంది! పై మహాసిర తెల్లగా, బృహద్ధమని తెల్లగా, మధ్యలో మనకు కావలసిన ధమని మాత్రం వెలవెలబోతూ ఉంటే రేడియాలజిస్టు డాక్టరుకు కారణం వెంటనే అర్థమవుతుంది. 2000 తర్వాతి దశకంలో వైద్య పత్రికలు దీన్ని ప్రత్యేకంగా వర్ణించి ఒక పేరు కూడా పెట్టాయి. గర్భిణీ స్త్రీలలో ఈ ఇబ్బంది మరింత ఎక్కువ.

మేము చూసిన ఒక సంగతి చెబుతాను. ఆయన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు. తుంటి ఆపరేషన్ అయిన రెండో వారంలో ఆయాసం వచ్చింది. రోజూ తెల్లవారుజామున ప్రాణాయామం చేసే అలవాటు. యంత్రం "ఊపిరి పీల్చండి" అనగానే ఆయన పూరకం మొదలుపెట్టారు. ఎంత నిండుగా పీల్చారంటే ఛాతీ జానెడు పైకి లేచింది. ఆ తరువాత కుంభకం, కదలిక అన్నది లేదు. కదలిక విషయంలో నూటికి నూరు మార్కులు. బొమ్మ చూస్తే ధమని బూడిదరంగులో ఉంది. ఆయన తప్పేమీ లేదు, చెప్పిన మాటను శ్రద్ధగా పాటించారు. డాక్టరు గారు మూత్రపిండాల రిపోర్టు మరోసారి చూసుకుని, కాసేపాగి మళ్ళీ తీయమన్నారు. ఈసారి పక్కన కూర్చుని "మాస్టారూ, పూరకం వద్దు. పేపరు చదువుకుంటున్నప్పుడు ఎలా పీలుస్తారో అలా పీల్చి, అక్కడే ఆగిపోండి" అని రెండుసార్లు చేయించి చూశాం. ధమని తెల్లగా వచ్చింది. కుడివైపు కింది భాగానికి పోయే కొమ్మలో గడ్డ కనిపించింది. మందులు వాడి, తరువాత చేతికర్రతో నడుచుకుంటూ వచ్చి మా గది దగ్గర పలకరించి వెళ్ళారు.

ప్రాణాయామం చేసేవారు నా మీద కోపగించుకోకండి. నేనూ చేస్తాను. స్కాన్ బల్ల మీద మాత్రం దాని అవసరం లేదు.

మరి ఎక్స్‌రే తీసేటప్పుడు "గట్టిగా గాలి పీల్చండి" అంటారు కదా అని మీరు అడగవచ్చు. అక్కడ అది సరైన మాటే. 2020, 2021లో కరోనా రోజుల్లో మనలో చాలామందికి హెచ్.ఆర్.సి.టి. తీశారు. అందులోనూ నిండుగా పీల్చాలి. చూసేది ఊపిరితిత్తుల కండను, అది గాలితో విప్పారితేనే మచ్చలు తెలుస్తాయి. ధమని స్కానులో చూసేది రక్తాన్ని. అదే గది, అదే యంత్రం, కావలసిన ఊపిరి వేరు. కరోనాలో నేర్చుకున్న పాఠాన్ని ఇక్కడ ఒప్పజెబితే బొమ్మ చెడే అవకాశం ఉంది.

పల్చబడడం ఒక ఎత్తు, ముక్కడం ఇంకో ఎత్తు. పీల్చిన గాలిని గొంతు బిగించి, పొట్ట బిగించి పట్టుకుంటే ఛాతీలో ఒత్తిడి పెరిగి, మందుతో వచ్చే రక్తం గుండెలోకి రాకుండా బయటే నిలబడిపోతుంది. బొమ్మ అప్పుడూ చెడుతుంది. ఇందులో మన భాషకూ కొంత బాధ్యత ఉందని నా అభిప్రాయం. "ఊపిరి బిగబట్టండి" అంటాం. ఆ మాటలోనే బిగింపు ఉంది. పల్లెనుంచి వచ్చిన పెద్దమనిషి ఆ మాట వినగానే పిడికిళ్ళు బిగిస్తాడు, పళ్ళు బిగిస్తాడు, బస్తా ఎత్తబోతున్నట్టు ఒళ్ళంతా బిగిస్తాడు. అందుకని మేము "మామూలుగా పీల్చండి, ఆపండి" అనేవాళ్ళం. తెలంగాణ జిల్లాల వారితో "దమ్ము ఆపుండ్రి, గట్టిగ పట్టకుండ్రి" అంటే ఇంకా బాగా పని జరిగేది. నోరు కొద్దిగా తెరిచి ఉంచమనేవాళ్ళం. నోరు తెరిచి ముక్కడం కష్టం.

మూడో చిక్కు కదలిక. సి.టి. యంత్రాన్ని కనిపెట్టిన హౌన్స్‌ఫీల్డ్ ఇంగ్లండులో 1971 అక్టోబరు 1న మొదటి రోగికి తీసింది తల స్కాన్. తల ఊపిరి పీల్చదు కాబట్టి ఒక్కో బొమ్మకు నిమిషాలు పట్టినా చెల్లింది. ఆయనకూ కార్మాక్‌కూ కలిపి 1979లో నోబెల్ బహుమతి వచ్చింది. ఛాతీ దగ్గరికి వచ్చేసరికి ఊపిరి అడ్డువచ్చింది. 1989లో బల్ల కదులుతుండగానే చుట్టూ తిరుగుతూ బొమ్మ తీసే స్పైరల్ పద్ధతి వచ్చాక, 1992లో ఫ్రాన్సులోని లీల్ నగరంలో రెమీ-జార్డాన్ అనే వైద్యురాలు, ఆమె సహచరులు ఒకే ఊపిరిలో ధమని గడ్డలను చూపించే విధానాన్ని ప్రకటించారు. ఆ కాలపు యంత్రాలకు ఇరవై సెకండ్లు, అంతకుమించి కూడా పట్టేది. ఆయాసంతో ఉన్న మనిషి అంతసేపు ఎలా ఆపుతాడు? ఇప్పటి యంత్రాలు ఐదు సెకండ్ల లోపే ముగిస్తున్నాయి, కొన్ని సెకండులోనే.

అయినా కదలిక పూర్తిగా పోలేదు. స్కాన్ మధ్యలో ఊపిరి వదిలినా, దగ్గినా ఒక రక్తనాళం రెండుగా కనిపించవచ్చు, లేదా సగం నల్లబడి గడ్డలాగే కనిపించవచ్చు. లేని గడ్డకు మందులు మింగే పరిస్థితి అలా వస్తుంది. ఊపిరితో ఎక్కువగా కదిలేది ఊపిరితిత్తుల కింది భాగం. గడ్డలు ఎక్కువగా చేరేదీ అక్కడికే. అందుకని చాలాచోట్ల కిందినుంచి పైకి బొమ్మ తీస్తారు. చివర్లో రోగి ఆగలేక ఊపిరి తీసుకున్నా ముఖ్యమైన భాగం అప్పటికే అయిపోయి ఉంటుంది.

ఇంకో సంగతి. మందు లోపలికి పోతుంటే ఒళ్ళంతా వేడెక్కుతుంది, నోట్లో లోహపు రుచి తగులుతుంది, మూత్రం పోయినట్టు అనిపిస్తుంది. నిజంగా పోదు. ఈ సంగతి ముందు తెలియనివారు ఆ క్షణంలో ఉలిక్కిపడి గుండెల నిండా గాలి పీలుస్తారు. మళ్ళీ షట్టర్లు ఎత్తినట్టే. తెలిసి ఉంటే ఉలికిపాటు ఉండదు కాబట్టి ఇప్పుడే చెబుతున్నాను.

వినికిడి సమస్య ఉన్నవారు శ్రద్ధగా వినండి. ఆదేశాలిచ్చేది యంత్రంలో ముందుగా రికార్డు చేసిన గొంతు. చాలాచోట్ల అది ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటుంది. మన భాషలో రికార్డు చేసుకునే వీలు చాలా యంత్రాల్లో ఉన్నా ఎవరూ పట్టించుకోరు. మన రాష్ట్రాల్లో, మన ఆస్పత్రుల్లో, మన ముసలివాళ్ళకు "హోల్డ్ యువర్ బ్రెత్" అని చెప్పి ఊరుకోవడం నాకు ఎప్పుడూ నచ్చలేదు. అర్థం కాకపోతే "తెలుగులో చెప్పండి బాబూ" అని నిస్సంకోచంగా అడగండి. చెవి మిషన్ తీసేయమంటే, "ఛాతీ స్కానే కదా, ఉంచుకోవచ్చా?" అని అడగండి. అది బొమ్మ తీసే భాగంలోకి రాదు. కొన్ని యంత్రాల ముందుభాగంలో ఊపిరి పీల్చు, ఆపు అని చూపే చిన్న దీపాలుంటాయి, వాటిని చూపించమనండి. భుజం పట్టేసి చేతులు పైకి లేవనివారు ఆ సంగతీ ముందే చెప్పాలి. లేకపోతే నొప్పికి మధ్యలో మెదులుతారు.

అసలు ఊపిరి ఆపలేనివారి మాటేమిటి? ఆపలేకపోతే ఆపలేనని చెప్పండి. పెద్దరికానికి పోయి "ఆపుతాను" అని, మూడో సెకండులో భుస్సుమని వదిలితే బొమ్మ పోతుంది. వేగవంతమైన యంత్రమైతే మెల్లగా, పైపైన పీలుస్తూ ఉండగానే తీయవచ్చు. ముక్కుకు పెట్టిన ఆక్సిజన్ గొట్టాన్ని తీయనక్కరలేదు. కొందరు డాక్టర్లు కొద్దిగా పీల్చి ఆపమంటారు, కొందరు మామూలుగా వదిలిన తర్వాత ఆపమంటారు. వదిలి ఆపితే మందు బాగా నిలుస్తుంది గాని ఊపిరితిత్తులు కొంత ముడుచుకుంటాయి. ఈ విషయంలో అన్నిచోట్లా ఒకే పద్ధతి లేదు. అక్కడివారు చెప్పినట్టు చేయండి. వారు చెప్పకపోతే "ఎంత పీల్చాలి? మామూలుగానా, నిండుగానా?" అని ఒక్క ప్రశ్న వేయండి. ఒకసారి చేసి చూపించి "ఇలాగేనా?" అనండి. అర నిమిషం పని.

ఇప్పుడు కుటుంబ సభ్యులకు ముఖ్యమైన మాట. రిపోర్టు చేతికి రాగానే పిల్లలు కింది రెండు పంక్తులు చదివి, "గడ్డ లేదట" అని ఇంటికి ఫోను చేస్తారు. పై పంక్తులు కూడా చదవాలి. "సబ్‌ఆప్టిమల్ ఆపాసిఫికేషన్" అని ఉంటే మందు చాలినంత నిలవలేదని. "మోషన్ ఆర్టిఫాక్ట్" అంటే కదిలారని. "లిమిటెడ్ స్టడీ", "నాన్ డయాగ్నస్టిక్" అంటే ఈ బొమ్మతో తేల్చలేమని. పెద్ద కొమ్మల్లో గడ్డ లేదు, చిన్న కొమ్మలు సరిగా కనిపించలేదు అని రాస్తే, చిన్న కొమ్మల సంగతి ఇంకా తేలలేదనే అర్థం. ఆ కాగితంతో ఇంటికి పోకూడదు, రాయించిన డాక్టరు గారి దగ్గరికే పోయి "తరువాత ఏమిటి?" అని అడగాలి.

ఇది అరుదైన సంగతేమీ కాదు. అమెరికాలో జరిగిన పయోపెడ్-2 అనే పెద్ద అధ్యయనం 2006లో వెలువడింది. అందులో 824 మందికి ఈ స్కాన్ తీస్తే, 51 మంది బొమ్మలు నాణ్యత చాలక ఏదీ తేల్చలేకపోయాయి. పేరున్న ఆస్పత్రుల్లో, అధ్యయనం కోసం జాగ్రత్తగా తీసిన బొమ్మల సంగతి ఇది. తేలిన బొమ్మల్లో కూడా గడ్డ ఉన్న నూరుమందిలో 83 మందిని పట్టుకుంది. లేనివారిని లేదని చెప్పడంలో 96 శాతం సరిపోయింది. యంత్రాలు ఆ తరువాత చాలా మెరుగుపడ్డాయి. మనిషి ఊపిరి మాత్రం అదే.

తేలనప్పుడు దారులు లేకపోలేదు. కాళ్ళకు డాప్లర్ తీయవచ్చు, ఊపిరితిత్తులకు న్యూక్లియర్ స్కాన్ ఉంది, లేదా ఇదే స్కాన్ మళ్ళీ తీయవచ్చు. మళ్ళీ తీయడమంటే మళ్ళీ రేడియేషన్, మళ్ళీ అంత మందు, మళ్ళీ ఖర్చు. మన వయసులో అసలు భయం మూత్రపిండాలది. అందుకే మొదటిసారే బాగా రావాలని ఇంత చెప్పడం. క్రియాటినిన్ రిపోర్టు, వాడే మాత్రల చీటీ వెంట తీసుకుపోండి. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే చెప్పండి. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి రెండు రోజులు ఆపమంటారు, అందరికీ కాదు. ఇంతకుముందు ఇలాంటి మందుకు దద్దుర్లు, ఆయాసం వచ్చి ఉంటే తప్పకుండా చెప్పాలి. రొయ్యలు పడవు కాబట్టి ఈ మందూ పడదనే నమ్మకం మాత్రం నిజం కాదు.

చివరగా, ఇప్పుడే ఇక్కడే ఒకసారి చేద్దాం. అందరూ మామూలుగా కూర్చోండి. నోరు కాస్త తెరవండి. మామూలుగా పీల్చండి. ఆపండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. వదలండి. వెనక వరుసలో ఒకరిద్దరి ఛాతీలు పైకి లేవడం చూశాను, వారు ఇంకోసారి చేయాలి! టీ వేళలో ఎవరైనా నన్ను అడగవచ్చు, రిపోర్టులు తెచ్చుకున్నవారు పట్టుకు రండి, అందులోని మాటలకు అర్థం చెప్పగలను.